ఒక్క ఊపిరికి సరిపడే ప్రార్థన

జబ్బు నాకు అరికాళ్ళ దగ్గర మొదలైంది. ఆగస్టు నెల. అంతకు ముందు కడుపు చెడి రెండు రోజులు బడికి పోలేదు. అది దానంతట అదే తగ్గింది. తగ్గిన కొన్నాళ్ళకు ఒక ఉదయం చెప్పులు వేసుకుంటుంటే కాలి వేళ్ళ మీద ఎవరో పలచటి గుడ్డ కప్పినట్టు అనిపించింది. కాళ్ళ కింద నేల ఉందని తెలుస్తోంది, కానీ అది గచ్చో మట్టో తెలియడం లేదు.

నేను మొయినాబాద్‌లో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతాను. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నిలబడే ఉద్యోగం. కాళ్ళు తిమ్మిరెక్కడం టీచర్లకు వింత కాదు. అందుకని ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు పెద్ద గండం గడిచింది కాబట్టి ఇదంతా రాయగలుగుతున్నాను. రాస్తే మనసు కుదుటపడుతుందని మా పాస్టరు అయ్యగారు అన్నారు. ఇంకెవరికైనా అరికాళ్ళలో ఇలాగే మొదలైతే వాళ్ళు నాలా ఆలస్యం చేయకూడదన్నది నా ఆశ.

మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. నా పుట్టిల్లు చేవెళ్ల. మా తాత కాలం నుంచి క్రైస్తవులం. మా ఆయన నరేందర్‌ది ఎంకపల్లి, చామంతీ టమాటా పండించే ఇల్లు. ఇద్దరం ఇష్టపడి చేసుకున్నాం. మా అత్త బాలమణికి అది మింగుడుపడలేదు. కొత్తలో నాతో చాలాకాలం ముభావంగానే ఉండేది. తర్వాత ఎవరూ నోటితో అనకుండానే ఒక ఒప్పందం కుదిరింది. ఆదివారం నేను చేవెళ్ల ప్రార్థన మందిరానికి పోతాను, పండక్కి ఆమె తన బోనం తాను ఎత్తుకుంటుంది, ఇంట్లో మాత్రం ఇద్దరి దేవుళ్ళ ప్రస్తావనా రాదు. ఏళ్ళ తరబడి ఆ ఒప్పందం చెక్కుచెదరలేదు. మాకు ఒక్కతే కూతురు, హాస్టల్లో ఉండి చదువుకుంటోంది.

మందిరంలో స్త్రీల కూటమి జరిగేటప్పుడు, ప్రార్థన ఎవరు చేస్తారని అడిగితే అందరూ నా వైపే చూసేవారు. నాకు మాటలు తేలిగ్గా వచ్చేవి. స్తుతితో మొదలుపెట్టి, ఊరినీ దేశాన్నీ రోగులనూ తలుచుకుని, ఎక్కడ గొంతు ఎత్తాలో ఎక్కడ తగ్గించాలో తెలిసినదానిలా ముగించేదాన్ని. గొప్ప కోసం చెప్పడం లేదు, తప్పని కూడా అనడం లేదు. అప్పటి నా ప్రార్థన అలా ఉండేది, అంతే.

తిమ్మిరి మడమలకు, అక్కడి నుంచి పిక్కలకు పాకింది. వారం తిరగకముందే బడి మెట్ల మీద మోకాలు మడతపడింది. పిల్లలు పట్టుకున్నారు. మొయినాబాద్‌లో డాక్టరు బలానికి గోలీలు రాశాడు. ఇంటికి వచ్చాక అరుగు ఎక్కబోతే కాలు లేవలేదు.

“ఏమైందే? గట్ల నిలబడ్డవు?” అంది అత్త.

“కాలు లేస్తలేదు అత్తమ్మా.”

“గ్యాసు పట్టింది. జర నూనె రాస్త, కూసో.”

ఆమె నూనె వేడిచేసి చాలాసేపు రాసింది. ఆమె చేతులు నా పిక్కల మీద ఉన్నాయని చూస్తే తెలుస్తోంది. కళ్ళు మూసుకుంటే తెలియడం లేదు. అప్పుడు మొదటిసారి భయమేసింది. మర్నాడు పొద్దున్నే స్నానాల గదిలో పడ్డాను. లేవడానికి చేతులు ఊనితే చేతుల్లోనూ పట్టు లేదు. నరేందర్ నన్ను ఎత్తి కారు వెనక సీట్లో పడుకోబెట్టి పట్నం తీసుకెళ్ళాడు.

చెప్పాలనుకున్న హెచ్చరిక ఇదే. తిమ్మిరి పాదాల నుంచి పైకి ఎక్కుతుంటే, దానితోపాటు బలం పోతుంటే, ఇంట్లో కూర్చోకండి. నూనె రాయించుకోండి, తప్పు లేదు, కానీ అది కారులో రాయించుకోండి.

పెద్ద దవాఖానలో కింది అంతస్తులోని హాలు సంతలా ఉంది. చక్రాల కుర్చీలు చాలడం లేదు. నరేందర్ నన్ను రెండు చేతులతో మోసుకుని నిలబడ్డాడు. నా తల ఆయన భుజం మీద వాలిపోతోంది. మా ముందు ఒకావిడ తన భర్తను కుర్చీలో కూర్చోబెట్టుకుని ఉంది. మమ్మల్ని ఒకసారి చూసి, భర్త చెవిలో ఏదో అంది. ఆయన మెల్లగా లేచి గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

“ఈమెను కూసోపెట్టన్నా. మా ఆయన జరసేపు నిలబడగలడు” అంది.

మళ్ళీ వాళ్ళు కనబడలేదు. ఆయనకు ఏ జబ్బో, ఏమైందో తెలియదు.

పరీక్షలన్నీ అయ్యాక ఒక డాక్టరమ్మ వచ్చి మంచం పక్కన నిలబడి చెప్పింది. ఒంటిని కాపాడవలసిన శక్తే దారితప్పి నా నరాల మీద పడిందట. నరేందర్ అడిగింది ఒకటే మాట.

“లేస్తదా మేడం?”

“చాలామంది లేస్తారండీ. కానీ తగ్గేముందు ఇంకా పైకి ఎక్కుతుంది. ఎక్కడ ఆగుతుందో ముందే చెప్పలేం. ఛాతీ దాకా వస్తే ఊపిరికి మిషను పెట్టాలి.”

తర్వాత నా వైపు తిరిగి, “గట్టిగా ఊపిరి తీసుకొని ఒకటి నుంచి లెక్కపెట్టండి. మధ్యలో మళ్ళీ పీల్చకూడదు. ఎంత దాకా పోతారో చూద్దాం” అంది.

లెక్కల టీచరుకు సులువైన పరీక్షే. లెక్కపెట్టాను. ఆమె తల ఊపి వెళ్ళింది. సాయంత్రం మళ్ళీ వచ్చి లెక్కపెట్టించింది. మొదటిసారి ఆగిన చోటికి సాయంత్రం చేరలేకపోయాను. మర్నాడు ఇంకా ముందే ఆగిపోయాను. ఆమె ముఖంలో ఏ మార్పూ లేదు. నర్సుతో మాత్రం ఏదో మెల్లగా చెప్పింది.

ప్రార్థనకూ అదే జరిగింది. నాకు చిన్నగా పైకి అంటూ ప్రార్థన చేసుకోవడం అలవాటు. మొదటి సాయంత్రం స్తుతితో మొదలుపెడితే సగం వాక్యంలోనే ఊపిరి అయిపోయింది. ఇంకోసారి పీల్చి, మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ ఆగిపోయింది. మర్నాడు స్తుతి వదిలేశాను. ఆ తర్వాత ఊరినీ దేశాన్నీ వదిలేశాను. చివరికి, “ప్రభువా, నన్ను లేపు” అనే మూడు ముక్కలు మిగిలాయి. అవి కూడా బరువైన రోజు ‘ప్రభువా’ దగ్గరే ఆగేదాన్ని. అడగడానికి మిగిలేది కాదు.

ఇంకొక మాట ఉంది, చిన్నప్పటి నుంచి నేర్చుకున్నది: నీ చిత్తం. ఆ రోజుల్లో నేను దాన్ని కావాలనే తప్పించుకున్నాను. అలా అంటే దేవుడు సరేనని నన్ను ఇలాగే వదిలేస్తాడేమోనని భయం.

మిషను పెట్టిన రోజుల గురించి ఎక్కువ చెప్పను. గొంతులో గొట్టం ఉంది, మాట లేదు. చేతులు, కాళ్ళు, మెడ ఏవీ కదలవు. కనురెప్పలు పూర్తిగా మూతపడవు. వినికిడి మాత్రం బాగా ఉంది. మనసులో ప్రార్థన చేసుకోవచ్చు కదా అని మీరంటారు. నేనూ అలాగే అనుకునేదాన్ని. కానీ మనసు కుదిరేది కాదు. మిషను చప్పుడు వెంట పరుగెత్తేది, ఆ చప్పుడు ఆగిపోతే ఎలా అని మళ్ళీ దాన్నే వినేది. ఒక్కటే తెలిసేది: నేను ఇక్కడ పడి ఉన్నాను, ఆయన చూస్తున్నాడు. దాన్ని ప్రార్థన అనవచ్చో లేదో అప్పుడు తెలియలేదు.

అక్కడ అనంతమ్మ అని ఒక ఆయా ఉండేది. నన్ను పక్కకు తిప్పడం, తుడవడం ఆమె పని. మిగతావాళ్ళు మంచివాళ్ళే, కానీ వచ్చి తిప్పేసి పోయేవారు. అనంతమ్మ ముట్టుకునే ముందు చెప్పేది. “అమ్మా, ఇప్పుడు ఎడమ దిక్కు తిప్పుతున్న.” “అమ్మా, నీళ్ళు జర సల్లగున్నయి, ఓర్చుకో.” జవాబు రాదని ఆమెకు తెలుసు. అయినా ప్రతిసారీ చెప్పేది. నన్ను మనిషిలా చూసినందుకు ఆమెకు నేను ఎప్పుడూ కృతజ్ఞతలు చెప్పుకోలేదు. గొట్టం తీసేనాటికి ఆమెను వేరే అంతస్తుకు మార్చారు.

పక్క మంచంలో నాకున్న జబ్బే ఉన్న ఒక పెద్దాయన ఉండేవాడు. ఆయన కోడలు రోజూ వచ్చి తలాపున నిలబడి ఏదో మంత్రం చదివేది. ఒక మధ్యాహ్నం ఆయన మంచం చుట్టూ తెర లాగారు. సాయంత్రానికి దుప్పటి మార్చారు.

నన్ను చూడ్డానికి ఒక్కరినే, కాసేపే రానిచ్చేవారు. నరేందర్ వస్తే మాట్లాడలేక నా వేళ్ళు పట్టుకుని నిలబడేవాడు. మందిరం వాళ్ళు వస్తే ఏడ్చేవారు. మా అత్త మాత్రం వచ్చిన వెంటనే ఊరి సంగతులు మొదలుపెట్టేది.

“చామంతికి పురుగు కొట్టింది పిల్లా. మందు కొట్టమంటే నీ మొగడు ఇంటలేడు. ఎర్ర బర్రె ఈనింది, దూడ మంచిగున్నది. నీ బిడ్డ పరీక్ష రాసిందంట, మంచిగనే రాసిన అన్నది. నువ్వు ఫికర్ చెయ్యకు.”

అది బతుకమ్మకూ దసరాకూ ముందరి కాలం. పూలకు మంచి గిరాకీ ఉండే రోజులు. ఆ రోజుల్లో అత్త తోట వదిలి చుట్టాలింటికి కూడా పోయేది కాదు. అలాంటిది పూలు కోయించే పని పక్కింటివాళ్ళకు అప్పగించి, బస్సెక్కి రోజూ వచ్చేది. ఆ సంగతి తర్వాత తెలిసింది.

దసరా దాటాక మిషను తీశారు. ఊపిరి నాదే అయింది. గొంతు గుసగుసలా వచ్చేది. మామూలు గదికి మార్చారు. కాళ్ళూ చేతులూ ఇంకా కదలడం లేదు. డాక్టరమ్మ, “ఇక పైకి ఎక్కదు. దిగడం మొదలవుతుంది. అయితే నెలలు పడుతుంది” అంది.

అలా చెప్పిన మర్నాడే అత్త ఊరి నుంచి ఒక ఎర్రదారం తెచ్చింది. పోచమ్మకు మొక్కి తెచ్చిందట. నన్ను అడగలేదు. నా కుడి చెయ్యి ఎత్తి మణికట్టుకు కట్టింది. కట్టినట్టు నాకు స్పర్శ తెలియలేదు. చెయ్యి దిండు మీద పెట్టినప్పుడు చూశాను. ఒప్పందం చెడిందని నాకు కోపం వచ్చింది. కానీ తీసేసుకునే చెయ్యి లేదు, గట్టిగా అనే గొంతు లేదు. నరేందర్‌ను పిలిచి గుసగుసగా, “ఇది తియ్యవా” అన్నాను.

నరేందర్ దారాన్నీ నన్నూ చూశాడు. “అవ్వ మనసు కష్టపడ్తది. ఉండనియ్యి” అన్నాడు. తలుపు దాకా పోయి తిరిగి చూసి, “మీ దేవుడున్నడు, మా అవ్వ దేవత ఉన్నది. డ్యూటీ మాత్రం నేనే చేస్తున్న” అని బయటికి వెళ్ళిపోయాడు. అందులో నవ్వు లేదు. ఆయన సరిగ్గా నిద్రపోయి నెలలవుతోంది.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక రూతమ్మ అక్క ఇద్దరు ఆడవాళ్ళతో వచ్చింది. మా స్త్రీల కూటమిని నడిపేది ఆమే. నేను మిషను మీద ఉన్నప్పుడు మా ఇంటికి వంట చేసి పంపింది, నా కూతురిని హాస్టలు నుంచి తీసుకొచ్చి దిగబెట్టింది. మనిషి మంచిది. నా తలాపున నిలబడి ప్రార్థన మొదలుపెట్టబోతూ దారాన్ని చూసింది.

“ఇదేంది ప్రమీలా?” అంది.

“మా అత్త కట్టింది.”

“ఇది పెట్టుకొని స్వస్థత అడుగుతమా? రెండు దిక్కుల నిలబడితె ఎట్ల? ఇది తియ్యాలె ముందుగాల.”

“అక్కా, మెల్లగ” అన్నాను. అప్పటికే ఆలస్యమైంది. అత్త గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో ఫ్లాస్కు. నా కోసం జావ పట్టుకొచ్చింది. నరేందర్ ఆమె వెనక ఉన్నాడు. ఆయన ముఖం చూస్తే పెద్ద గొడవ అవుతుందనిపించింది.

“మా అవ్వ రోజు బస్సుల పడి వస్తున్నది” అన్నాడు. “ఇంట్ల ఏం కట్టాలె, ఏం తియ్యాలె మీరు చెప్తరా?”

“నువ్వు ఆగు బిడ్డా” అంది అత్త. ఫ్లాస్కు బల్ల మీద పెట్టి నా దగ్గరికి వచ్చింది. రూతమ్మ అక్కను అడిగింది: “దీనితోని మీ దేవునికి అడ్డమైతదా చెల్లె?”

“మా నమ్మకం గట్ల పెద్దమ్మా” అంది రూతమ్మ అక్క.

“అయితె తీసేస్త. నాకేం పంతం లేదు. ఈ పిల్ల లేస్తె చాలు. ఎవరు లేపితె ఏంది?”

కూర్చుని ముడి విప్పడానికి ప్రయత్నించింది. గట్టిగా కట్టింది కాబట్టి రాలేదు. కత్తెర అడగలేదు. నా చెయ్యి నోటి దగ్గరికి తీసుకుని పళ్ళతో ముడి వదులు చేసింది. విప్పిన దారాన్ని కళ్ళకు అద్దుకుని కొంగు చివర ముడి వేసుకుంది. తర్వాత లేచి పక్కకు జరిగి, “ఇగ అడగండ్రమ్మా. మంచిగ అడగండ్రి” అంది.

రూతమ్మ అక్క ప్రార్థన కోసం ఎత్తిన చెయ్యి దించింది. వెళ్ళి అత్త పక్కన స్టూలు మీద కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుంది. ఆ రోజు పైకి ప్రార్థన జరగలేదు. అందరూ చాలాసేపు కళ్ళు మూసుకుని కూర్చున్నారు. నరేందర్ కూడా.

వాళ్ళు వెళ్ళిపోయాక అత్త నాకు జావ తాగించింది. ఆమె ముఖంలో త్యాగం చేసిన గుర్తు ఏదీ లేదు. జావలో ఉప్పు సరిపోయిందా అని అడిగింది. నేను ఆమె దేవతను నమ్మను, ఇప్పటికీ నమ్మను. కానీ తనకున్న ఒక్క ఆసరాను ఆమె నా కోసం తన చేతులతో విప్పి, అవతలి దేవుడి ముందు తగ్గి నిలబడింది. నేను అంతవరకు పైకి ఎన్నో ప్రార్థనలు చేశాను గానీ అంత తగ్గి ఎప్పుడూ నిలబడలేదు. ఆ సాయంత్రం ఆమె గిన్నె కడగడానికి వెళ్ళినప్పుడు, నేను తప్పించుకు తిరిగిన మాట అన్నాను. నీ చిత్తం. ధైర్యం వచ్చి కాదు. పట్టుకోవడానికి చేతుల్లో ఏమీ లేదు కాబట్టి. అన్న తర్వాత ఏదో వెలుగు కనబడిందని కూడా చెప్పలేను. జావ తాగిన కడుపుకు నిద్ర పట్టింది.

క్రిస్మస్ నాటికి ఎంకపల్లి ఇంటికి వచ్చాం. వేళ్ళు కొంచెం కదిలేవి. వ్యాయామం చేయించే ఫిజియో కుర్రాడు, నేను తమ్ముడూ అని పిలిచేదాన్ని, రోజు విడిచి రోజు వచ్చేవాడు. మిగిలిన పనులన్నీ అత్తవే. స్నానం చేయించడం, తల దువ్వడం, బెడ్‌ప్యాన్ పెట్టడం. పెళ్ళైన కొత్తలో నాతో మాట్లాడని మనిషి చేత ఇవి చేయించుకోవడం నాకు కష్టంగా ఉండేది. ఒకరోజు ఏడ్చాను.

“ఎందుకేడుస్తున్నవే?”

“నీతోని గిట్ల చేయించుకుంటున్న అత్తమ్మా.”

“నరేందరుగానికి చెయ్యలేదా నేను? వాడు సిగ్గుపడ్డడా? మూసుకొని పండు.”

మూసుకుని పడుకున్నాను. చేయించుకోవడం కూడా నేర్చుకోవలసిన పనే. చంటిపిల్లలకు అది పుట్టుకతో వస్తుంది. పెద్దవాళ్ళు మరచిపోతారు.

జనవరిలో ఒక దశలో కదలిక ఆగిపోయింది. వారాలు గడిచినా కాళ్ళు ఉన్నచోటే ఉన్నాయి. నీ చిత్తం అని ఒకసారి అంటే అయిపోతుందనుకున్నాను. అలా కాదు. పొద్దున అన్న మాటను మధ్యాహ్నానికి వెనక్కి తీసుకునేదాన్ని. దేవుడితో బేరమాడేదాన్ని. కనీసం కుడి కాలైనా ఇవ్వమనేదాన్ని.

ఆ రోజుల్లోనే పాస్టరు అయ్యగారు వచ్చారు. ముసలాయన, చేవెళ్ల నుంచి పాత స్కూటర్ మీద వస్తారు. నేను అడిగేశాను.

“అయ్యగారూ, నా విశ్వాసం తక్కువై లేస్తలేనా?”

ఆయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. “మా ఇంటామెకు జబ్బు చేసినప్పుడు సంఘమంత ఉపవాసముండి ప్రార్థన చేసింది. నేను నేల మీద పడి అడిగిన. ఆమె పోయింది. ఎవరి విశ్వాసం తక్కువైందో నేను ఇప్పటికి వెతకలే. అది నా పని కాదు” అన్నారు.

“మరి ఎందుకు అడగాలె?”

“అడగకుంటె ఎవరితోని మాట్లాడుత? ఇంట్ల నేనొక్కన్నే ఉన్న.”

కాసేపు ఇద్దరం నవ్వాం. ఆయన వెళ్ళబోతుంటే, “ప్రార్థన చేసి పోండి అయ్యగారూ” అన్నాను.

“ఇయ్యాల నేను చెయ్య. నువ్వే నా కోసం చెయ్యి. నా మోకాళ్ళు మస్తు నొస్తున్నయి. స్కూటర్ కిక్కు కొట్టలేకపోతున్న.”

నెలల తర్వాత మొదటిసారి ఇంకొకరి కోసం ప్రార్థన చేశాను. ఆయన మోకాళ్ళ కోసం. ఊపిరి పొడవు పెరిగింది గానీ మాటలు పెరగలేదు. “ప్రభువా, అయ్యగారికి నొప్పి ఉంది. నీకు తెలుసు” అన్నాను. ఆయన ఆమెన్ అని టోపీ పెట్టుకుని వెళ్ళారు. అప్పుడు గమనించాను, ఆ కాసేపు నా కాళ్ళ సంగతి నాకు గుర్తు లేదని.

ఈస్టరుకు ముందు వచ్చే శ్రమ దినాల్లో కుడి మోకాలికి బలం వచ్చింది. ఒకవైపు నరేందర్, ఒకవైపు ఫిజియో తమ్ముడు పట్టుకుంటే నిలబడ్డాను. నరేందర్ పక్కకు తిరిగి ముక్కు తుడుచుకున్నాడు. వేసవిలో వాకర్ పట్టుకుని వాకిలి దాకా వచ్చాను. పాదాలు మాత్రం పూర్తిగా లేవవు. చీలమండలకు ప్లాస్టిక్ పట్టీలు కట్టుకుని నడుస్తాను. ఇప్పటికీ అంతే. మోకరించలేను.

రూతమ్మ అక్క మందిరంలో సాక్ష్యం చెప్పమంది. “మంది ఎదురుచూస్తున్నరు ప్రమీలా. దేవుడు చేసిన కార్యం చెప్పాలె.” వెళ్ళాను. అత్త కూడా వచ్చి ఆడవాళ్ళ వరుసలో చివర కూర్చుంది. మైకు దగ్గర వాకర్ పట్టుకుని చెప్పాను.

“నేను లేచిన. దవాఖాన మందులతోని లేచిన, మా అత్తమ్మ చేతులతోని లేచిన, మీ ప్రార్థనలతోని లేచిన. దేవునికి స్తోత్రం. ఏది ఎంతనేది నేను విడదీసి చెప్పలేను. నా పక్క మంచంల ఉన్న పెద్దాయన లేవలేదు. ఆయన కోసం కూడ ఎవరో రోజు అడిగిండ్రు.”

హల్లెలూయ అనడానికి సిద్ధంగా ఉన్నవాళ్ళు కొందరు అనలేదు. కొందరు మెల్లగా అన్నారు. నేను వచ్చి కూర్చున్నాను.

మళ్ళీ వానలు మొదలయ్యాక ఫిజియో తమ్ముడు ఒక సంగతి చెప్పాడు. జన్వాడలో మౌనిక అని ఒక అమ్మాయి, బాలింత, ఇదే జబ్బుతో దవాఖానలో ఉండి ఇంటికి వచ్చిందట. కాళ్ళూ చేతులూ ఇంకా కదలడం లేదు. వాళ్ళ అమ్మ నన్ను ఒకసారి రమ్మంది. నరేందర్ తీసుకెళ్ళాడు.

ఇల్లు నిండా చుట్టాలు ఉన్నారు. నేను పట్టీలు కట్టుకుని నడిచి లోపలికి వస్తుంటే అందరూ నా పాదాలనే చూశారు. మంచం మీద మౌనిక, తల ఒక పక్కకు వాల్చి ఉంది. గొంతు సన్నగా వచ్చింది.

“టీచర్, మీరు లేచిండ్రు గదా. నేను లేస్తనా?”

వాళ్ళ అమ్మ నా చెయ్యి పట్టుకుంది. అందరూ ఒక మాట కోసం చూస్తున్నారు. ఆ మాట చెప్పడం చాలా తేలిక.

“చాలామంది లేస్తరమ్మా. నువ్వు లేస్తవో లేదో నాకు తెల్వది” అన్నాను. “నేను మాత్రం మల్ల వస్త. వచ్చే వారం గూడ వస్త.”

ఎవరో గట్టిగా నిట్టూర్చారు. మౌనిక కాసేపు నన్నే చూసింది. “మా డాక్టర్ గూడ గట్లనే అన్నడు” అంది. ఆమె ముఖం కొంచెం తేలికపడినట్టు ఉంది. “మీరు ప్రార్థన చేస్తరంట గదా. నా కోసం చెప్తరా మీ దేవునికి?”

పక్కన కుర్చీలో కూర్చుని ఆమె చేతి మీద చెయ్యి వేశాను. “ప్రభువా, మౌనిక నీ ముందర ఉన్నది. ఏం అడగాలో నాకు తెల్వది. నువ్వే చూడు” అన్నాను. తర్వాత మాటలు రాలేదు. కళ్ళు మూసుకుని అలాగే ఉన్నాను.

లోపలి గదిలో పాప ఏడ్చింది. కళ్ళు తెరిచాను. మౌనిక తల తిప్పలేక కళ్ళు అటు తిప్పి చూస్తోంది. వాళ్ళ అమ్మ పాపను ఎత్తుకొచ్చి, దూరంగానే నిలబడి ఊపుతోంది.

“దగ్గరికి తెస్తలేరా?” అని అడిగాను.

“ఎట్ల తెస్త టీచరమ్మా? చేతులకు స్పర్శ లేదు. పట్టుకోలేక ఇంక ఏడుస్తది.”

ఈ జబ్బులో కాళ్ళూ చేతులూ మొద్దుబారినా నాకు చెంపలకు స్పర్శ పోలేదు. “చేతులకు ఇయ్యకండ్రి. చెంపకు ఆనిచ్చి పండబెట్టండ్రి” అన్నాను.

ఆమె వంగి, పాప ఒళ్ళు కింద దిండు పెట్టి, తలను మౌనిక చెంపకు ఆనించి పట్టుకుంది. పాప ఇంకాసేపు ఏడ్చి, ముక్కు రుద్దుకుని, ఊరుకుంది. మౌనిక కళ్ళు మూసుకుంది.

“ఎచ్చగున్నది” అంది.

నేను ఇంకా ఆమెన్ చెప్పలేదని అప్పుడు గుర్తొచ్చింది. చెప్పాను.